సౌలు గదిలోని సితారా



ఈ మధ్య మన సంఘాల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "అయ్యగారూ, రాత్రి నిద్ర పట్టకపోతే ఫోనులో హార్ప్ సంగీతం పెట్టుకుంటున్నాను. మాటలేమీ ఉండవు. మనసు కుదుటపడుతోంది. ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా అదే పెట్టుకోవచ్చా?" అని కొందరు అడుగుతారు. "మాటలు లేని ఆ సంగీతం ధ్యానాలవాళ్లది కదండీ, విశ్వాసుల ఇళ్లలోకి ఎలా రానిస్తున్నారు?" అని మరికొందరు అడుగుతారు. ఇద్దరి ప్రశ్నలోనూ నిజమైన భారం ఉంది. మొదటివారికి నెమ్మది కావాలి. రెండవవారికి ఆ నెమ్మది ఎక్కడి నుండి వస్తున్నదో తెలియాలి.

హార్ప్, వయొలిన్, చెల్లో వంటి తీగ వాద్యాలతో నెమ్మదిగా, పొడవుగా సాగే ఈ సంగీతాన్ని నేడు ప్రపంచమంతటా కోట్లమంది వింటున్నారు. నిద్రకని, చదువుకని, ప్రార్థనకని గంటల తరబడి సాగే వీడియోలు దొరుకుతున్నాయి. కొన్నిటికి "దావీదు సితారా" అని పేరు కూడా పెడుతున్నారు. దీన్ని ఔనని గాని కాదని గాని తీర్పు చెప్పేముందు, ఇది ఏమిటో, ఎక్కడ పుట్టిందో, మన శరీరానికి ఏమి చేస్తుందో తెలుసుకోవడం మంచిది. ఆ తరువాత వాక్యం ఏమి చూపిస్తున్నదో చూద్దాం.

సితారా అంటే ఏ వాద్యం?

మన తెలుగు బైబిలులో "సితారా" అనే మాట చదివినప్పుడు కచేరీలలో వాయించే సితార్ కళ్లముందు కనిపించడం సహజం. దావీదు వాయించినది అది కాదు. హెబ్రీ భాషలో దాని పేరు కిన్నోర్. చేతితో పట్టుకొని నడవగలిగేంత చిన్నది. ఒక చెక్క పెట్టె, దాని నుండి పైకి లేచిన రెండు కొమ్ములు, వాటిని కలిపే అడ్డకర్ర, ఆ కర్ర నుండి పెట్టె వరకు బిగించిన తీగలు. ఈ రకం వాద్యాన్ని లైర్ అంటారు. కీర్తనలలో పది తంతులతో కనిపించే స్వరమండలము ఇంకొక వాద్యం. దాని హెబ్రీ పేరు నేబెల్. ప్రకటన గ్రంథంలో పరలోకపు పెద్దల చేతుల్లో ఉన్న వాద్యాన్ని మన అనువాదకులు "వీణ" అన్నారు. ఇంగ్లీషు బైబిలు ఈ చోట్ల ఎక్కువగా హార్ప్ అనే మాట వాడింది. మనవారు తెలుగు పాఠకునికి చెవికి తెలిసిన తీగ వాద్యాల పేర్లు ఎంచుకున్నారు.

ఇందులో "వీణ" అనే మాట మనం అనుకునే దానికంటే హార్ప్‌కు దగ్గరగా ఉంది. అమరావతి స్తూపపు శిల్పాలలో విల్లులా వంగిన కొమ్ముకు తీగలు కట్టిన వాద్యాన్ని ఒడిలో పెట్టుకొని వాయించేవారు కనిపిస్తారు. ఆ రోజుల్లో వీణ అనే పేరు ఆ వాద్యానికి కూడా ఉండేది. గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడు తన బంగారు నాణెం మీద అటువంటి వీణ వాయిస్తూనే కూర్చొని ఉంటాడు. తరువాతి శతాబ్దాలలో ఆ వాద్యం మన దేశంలో దాదాపు కనుమరుగైంది. పొరుగున ఉన్న బర్మాలో దాని వంశపు వాద్యాన్ని నేటికీ వాయిస్తున్నారు. కాబట్టి హార్ప్ అనేది పాశ్చాత్యులు మనకు కొత్తగా తెచ్చిన వస్తువు అనుకోనక్కరలేదు. కృష్ణా తీరానికి దాని నాదం ఒకప్పుడు తెలుసు.

ఈనాటి కచేరీ హార్ప్ మాత్రం చాలా పెద్దది. నిలబెడితే మనిషి ఎత్తు ఉంటుంది. దానికి 47 తీగలు. కింద 7 పెడల్స్. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క పెడల్. కాలితో మూడు స్థానాలలో ఎక్కడ నిలిపితే ఆ స్వరం ఆ మేరకు మారుతుంది. ఈ ఏర్పాటుకు 1810లో సెబాస్టియన్ ఎరార్ అనే వాద్య నిర్మాత పేటెంటు పొందాడు. ఇన్ని తీగల మధ్య చెయ్యి దారి తప్పకుండా కొన్ని తీగలకు ఎరుపు, కొన్నిటికి నలుపు లేక నీలం రంగు వేస్తారు. వినేవారికి నీళ్లు జారినంత తేలికగా అనిపించే ఆ నాదం వెనుక వేళ్లు కాయలు కాచే సాధన ఉంటుంది.

పడక మీద పుట్టిన సంగీతం

నెమ్మదిగా సాగే ఈ నేపథ్య సంగీతానికి "యాంబియంట్" అని పేరు. చుట్టూ ఉన్న గాలిలా, వెలుగులా ఉండేది అని దాని భావం. ఆ పేరును స్థిరపరచినది ఇంగ్లండుకు చెందిన సంగీతకారుడు బ్రయాన్ ఈనో. ఆ ఆలోచన ఆయనకు హార్ప్ వింటూ ఉండగానే వచ్చింది.

1975 జనవరిలో ఈనో ఒక ప్రమాదంలో గాయపడి మంచం పట్టాడు. చూడవచ్చిన స్నేహితురాలు 18వ శతాబ్దపు హార్ప్ సంగీతం ఉన్న రికార్డు ఒకటి ఇచ్చి వెళ్లింది. ఆయన ఎంతో కష్టపడి లేచి దాన్ని పెట్టుకొని మళ్లీ పడుకున్నాడు. పడుకున్నాక తెలిసింది, శబ్దం మరీ తగ్గించి ఉన్నదని, రెండు స్పీకర్లలో ఒకటి పలకడం లేదని. లేచి సరిచేసే ఓపిక లేదు. బయట వాన పడుతోంది. వాన చప్పుడులో కలిసిపోతూ అక్కడక్కడా ఒక తీగ మాత్రమే వినిపిస్తూ ఉంటే, సంగీతాన్ని ఇలా కూడా వినవచ్చని ఆయనకు తోచింది. ఆ సంవత్సరమే ఆ ఆలోచనతో ఒక ఆల్బమ్ చేశాడు. 1978లో విమానాశ్రయాల కోసమని మరొకటి చేశాడు. శ్రద్ధగా వింటే ఆసక్తి కలిగించాలి, పట్టించుకోకపోయినా ఇబ్బంది పెట్టకూడదు అనేది ఆయన పెట్టుకున్న నియమం.

ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ఈ రకం సంగీతం లేవలేని ఒక మనిషి పడక మీద పుట్టింది. అందుకే నేటికీ అది అలసినవారిని, రోగులను, నిద్రలేనివారిని అంత సులువుగా చేరుకుంటోంది.

ఆ తరువాత ఈ దారిలో చాలామంది నడిచారు. స్విట్జర్లాండుకు చెందిన ఆండ్రియాస్ వోలెన్‌వైడర్ విద్యుత్ సహాయంతో పలికే హార్ప్‌తో 1987లో గ్రామీ బహుమానం పొందాడు. "న్యూ ఏజ్" అనే విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ అదే. అమెరికాలో మేరీ లాటిమోర్ అనే కళాకారిణి 47 తీగల హార్ప్‌ను వాయిస్తూ, వాయించిన వరుసను యంత్రంలో పట్టి మళ్లీ మళ్లీ తిప్పుతూ, దాని మీద కొత్త వరుసలు పేరుస్తుంది. మాక్స్ రిక్టర్ 2015లో "స్లీప్" అనే పేరుతో ఎనిమిది గంటలకు పైగా సాగే రచన చేశాడు. పియానో, తీగ వాద్యాలు, స్వరం కలిసిన ఆ రచనను లండనులో ప్రదర్శించినప్పుడు శ్రోతలకు కుర్చీలకు బదులు మంచాలు వేశారు. బిబిసి రేడియో దాన్ని రాత్రంతా ప్రసారం చేసింది.

మనసు ఎందుకు కుదుటపడుతుంది?

హార్ప్ తీగను మీటిన క్షణమే నాదం పుడుతుంది; ఆ మరుక్షణం నుండే అది తగ్గడం మొదలవుతుంది. వయొలిన్ మీద కమాను లాగుతున్నంతసేపు స్వరం నిలుస్తుంది. హార్ప్ స్వరాన్ని అలా పట్టి ఉంచలేం. మీటి వదిలేయాలి. అది గాలిలో తనంతట తాను సన్నగిల్లి ఆగిపోతుంది. గుడిగంట మోగిన తరువాత మనం తెలియకుండానే ఆ చివరి మూలుగు వరకు చెవి పెట్టి ఉంటామే, అదే ఇక్కడా జరుగుతుంది. స్వరం సన్నగిల్లేకొద్దీ వినేవాని ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. యాంబియంట్ సంగీతం చేసేవారు దీనికి యంత్రాలతో ప్రతిధ్వని చేర్చి, ఆ తగ్గుదలను ఇంకా పొడవు చేస్తారు. పెద్ద రాతి చర్చిలో కూర్చొని విన్నట్లు ఉంటుంది.

రెండవది, దీనిలో తాళం గట్టిగా ఉండదు. డోలక్, తబలా, రిథమ్ ప్యాడ్ మోగుతుంటే మన పాదం దానంతట అదే కదులుతుంది. ఇక్కడ శరీరాన్ని కదిలించేది ఏదీ లేదు. ఉలిక్కిపడేలా హఠాత్తుగా ఏదీ రాదు. మూడవది, మాటలు ఉండవు. రోజంతా మాటలతో అలసిన మనిషికి, వార్తలు, వాట్సాప్ సందేశాలు, ఆఫీసు ఫోన్లు, ఇంట్లో వాదనలు అయ్యాక, ఎవరూ ఏమీ అడగని పది నిమిషాలు దొరుకుతాయి.

ఇటలీలో లూసియానో బెర్నార్డి అనే వైద్యుడు, ఆయన తోటివారు 2006లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. 24 మందికి రకరకాల సంగీతం వినిపించి వారి ఊపిరిని, గుండె వేగాన్ని, రక్తపోటును కొలిచారు. వాటిలో మన దేశపు రాగ సంగీతం కూడా ఉంది. సంగీతం వేగం పెరిగితే ఊపిరి, గుండె వేగం పెరిగాయి. ఇది ఎవరైనా ఊహించగలిగేదే. వారు అనుకోనిది ఇంకొకటి కనిపించింది. పాటల మధ్యలో రెండు నిమిషాలు ఏ శబ్దమూ లేకుండా వదిలేసినప్పుడు గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలుకాక ముందున్న స్థాయి కంటే కూడా కిందికి దిగాయి. పరిశోధన చిన్నదే. అయినా దాని నుండి ఒక సంగతి నేర్చుకోవచ్చు. సంగీతం మనలను సిద్ధపరుస్తుంది; లోతైన విశ్రాంతి సంగీతం ఆగాక వచ్చే నిశ్శబ్దంలో దొరుకుతుంది. రాత్రంతా ఆగకుండా మోగే వీడియోలో ఆ నిశ్శబ్దానికి చోటు లేదు.

కయీను వంశపు వాద్యం

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. ఈ సంగీతం చేసినవారిలో చాలామంది విశ్వాసులు కారు. హార్ప్‌ను జాజ్ సంగీతంలో గొప్పగా వాయించిన ఆలిస్ కోల్ట్రేన్ చిన్ననాట చర్చిలో వాయించిన మనిషి. తరువాత హిందూ సాధన వైపు తిరిగి కాలిఫోర్నియాలో ఆశ్రమం స్థాపించింది. "న్యూ ఏజ్" అనే పేరు వినగానే మన పెద్దలు జాగ్రత్తపడటంలో అర్థం లేకపోలేదు. ఆ పేరుతో వచ్చే వీడియోల కింద దేవుని వాక్యానికి విరుద్ధమైన బోధలు ఉండవచ్చు. వాటిని గుర్తుపట్టి పక్కన పెట్టవలసిందే.

అయితే వాద్యమే అపవిత్రమని అనగలమా? ఆదికాండము 4:21 చూడండి. సితారాను వాడేవారందరికి మూలపురుషుడు యూబాలు. అతడు ఎవరి వంశం? కయీను వంశం. తమ్ముని చంపి దేవుని సన్నిధి నుండి వెళ్లిపోయినవాని సంతతిలో ఈ వాద్యం మొదలైంది. ఆ వాద్యాన్నే బేత్లెహేములో ఒక గొర్రెల కాపరి చేత పట్టుకున్నాడు. ఆ వాద్యమే దేవాలయంలో లేవీయుల చేతుల్లోకి వచ్చింది. తీగకు మతం లేదు. దాన్ని ఏ ఉద్దేశంతో వాయిస్తున్నారు, దాని చుట్టూ ఏ బోధ చెబుతున్నారు, దాని నుండి మనం ఏమి ఆశిస్తున్నాము అనేవే పరీక్షించవలసిన విషయాలు.

ఇదే బాటలో మరొక సాక్ష్యం ఉంది. ఎస్తోనియా దేశస్థుడు ఆర్వో పార్ట్ 1935లో పుట్టాడు. ఆయన చిన్నతనంలోనే ఆ దేశం సోవియట్ పాలన కిందకు వచ్చింది. 1968లో ఆయన క్రీస్తునందలి విశ్వాసాన్ని బాహాటంగా ప్రకటించే ఒక రచన చేశాడు. అధికారులకు కోపం వచ్చింది. ఆ తరువాత సుమారు ఎనిమిదేళ్లు ఆయన చాలా తక్కువ రాశాడు. పూర్వకాలపు సంఘ గీతాలను కూర్చొని చదివాడు. ఆర్థడాక్సు సంఘంలో చేరాడు. 1976లో మళ్లీ రాయడం మొదలుపెట్టినప్పుడు ఆయన చేతి నుండి వచ్చింది ఒక్కొక్క స్వరాన్ని ఆచితూచి ఉంచిన సంగీతం. మరుసటి ఏట రాసిన ఒక రచనలో తీగ వాద్యాలు, ఒకే ఒక్క గంట తప్ప మరేమీ లేవు. నేటి నెమ్మది సంగీతం చేసేవారిలో చాలామంది ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆ నిశ్శబ్దం ఆయనకు ఊరికే దొరకలేదు. విశ్వాసం కోసం చెల్లించిన ధర ఉంది దానిలో.

సౌలుకు దొరికినది, దొరకనిది

వాక్యంలో ఈ విషయానికి అతి దగ్గరగా ఉన్న భాగం 1 సమూయేలు 16వ అధ్యాయం. సౌలు రాజు మనసు కలత చెందింది. సేవకులు ఒక ఉపాయం చెప్పారు: సితారా చక్కగా వాయించేవానిని వెదకండి. దావీదు వచ్చాడు. అతడు వాయించినప్పుడెల్లా సౌలు సేదతీరి నెమ్మది పొందేవాడు. దురాత్మ అతనిని విడిచిపోయేది. కాబట్టి తీగ వాద్యం కలత చెందిన మనసుకు ఉపశమనం ఇస్తుందని బైబిలు తేటగా ఒప్పుకుంటోంది. నెమ్మది కోసం సంగీతం వినే సహోదరిని "నీకు విశ్వాసం తక్కువ" అని గద్దించే హక్కు మనకు లేదు.

కాని అక్కడితో చదవడం ఆపకూడదు. 18వ అధ్యాయానికి వెళ్లండి. అదే దావీదు, అదే సితారా, అదే గది. ప్రతిదినము వాయించినట్లే ఆ రోజు కూడా వాయిస్తున్నాడు. సౌలు చేతిలో ఈటె ఉంది. దాన్ని విసిరాడు. దావీదు రెండుసార్లు తప్పించుకున్నాడు. 19వ అధ్యాయంలో మళ్లీ అదే జరిగింది. ఈసారి ఈటె గోడకు నాటుకుంది. నిన్న నెమ్మదినిచ్చిన సంగీతం నేడు ఎందుకు పనిచేయలేదు? వాయించేవాని చేతిలో లోపం లేదు. సౌలు హృదయంలో తీరని సంగతి ఒకటి ఉంది. 15వ అధ్యాయంలో అతడు దేవుని మాట మీరాడు. పాపం ఒప్పుకున్నాడు గాని, ఆ ఒప్పుకోలు పక్కనే పెద్దల ముందు తన గౌరవం కాపాడమని సమూయేలును బతిమాలాడు. ఆ గాయం మానలేదు. దాని మీద అసూయ వచ్చి చేరింది. సితారా అతని నరాలను శాంతింపజేయగలిగింది. అతని మనసును తిప్పడం సితారా పని కాదు.

ప్రియులారా, మనకు దీనిలో ఎంత హెచ్చరిక ఉంది! భార్యతో మాటలు లేవు. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే నిద్ర పడుతుంది. అన్నదమ్ముల మధ్య పొలం గొడవ తెగలేదు. ఉదయం అరగంట సంగీతం పెట్టుకుంటే మనసు తేలికవుతుంది. అప్పు సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పే ధైర్యం రాకపోయినా హార్ప్ వింటే భయం కొంచెం తగ్గుతుంది. ఇలా వచ్చిన నెమ్మది అబద్ధం కాదు. అది తాత్కాలికం. ఆ నెమ్మదిలో లేచి వెళ్లి చేయవలసిన పని చేస్తే అది దేవుడిచ్చిన సహాయం. ఆ నెమ్మదినే మందుగా చేసుకొని పనిని వాయిదా వేస్తే, ఈటె ఇంకా మన చేతిలోనే ఉన్నట్టు.

ఎలీషా దీనికి రెండవ వైపు చూపిస్తాడు. 2 రాజులు 3వ అధ్యాయంలో ముగ్గురు రాజులు నీళ్లు లేక చిక్కుకొని ప్రవక్త దగ్గరకు వచ్చారు. ఇశ్రాయేలు రాజును చూసి ఎలీషాకు కోపం వచ్చింది. అప్పుడు ఒక వాద్యకుని పిలిపించమన్నాడు. వాద్యకుడు వాయిస్తుండగా యెహోవా హస్తము అతని మీదికి వచ్చింది. వచ్చిన మాట ఏమిటి? ఆ లోయలో గోతులు త్రవ్వమని. సంగీతం ప్రవక్త మనసును నిమ్మళపరచింది, దేవుని మాట వినడానికి చోటు చేసింది. విన్న తరువాత అందరూ పలుగు పార పట్టవలసి వచ్చింది.

మూడవ సాక్షి ఆమోసు. దేశం కుళ్లిపోతుంటే దంతపు మంచాల మీద పండుకొని, తీగ వాద్యాలు వాయించుకుంటూ, తాము కూడా దావీదులమే అనుకునే ధనవంతులను అతడు 6వ అధ్యాయంలో గద్దించాడు. వారి తప్పు సంగీతం కాదు. యోసేపు సంతతివారికి కలిగిన ఉపద్రవం వారిని బాధపెట్టలేదు. పొరుగువాని ఏడుపు వినిపించకుండా చేసే సంగీతం ఎంత మధురమైనా దేవునికి అసహ్యం.

ఫ్రీక్వెన్సీల పేరిట

ఇంకొక విషయంలో పాఠకులు జాగ్రత్తగా ఉండాలి. కొన్ని వీడియోలు "దావీదు సితారా ఫ్రీక్వెన్సీ", "432 హెర్ట్జ్ స్వస్థత", "528 హెర్ట్జ్ అద్భుతం" అనే పేర్లతో వస్తున్నాయి. కొన్నిటి మీద వాక్యాలు కూడా వేస్తారు. జబ్బు నయమవుతుందని, శాపం తొలగుతుందని చెబుతారు.

హెర్ట్జ్ అంటే ఒక సెకనుకు ఎన్ని కంపనాలు అనే లెక్క. ఆ పేరు 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్తది. దావీదు కాలంలో సెకన్లు కొలిచే గడియారం లేదు. అతని సితారా మిగల్లేదు, దాని శ్రుతి ఎంతో ఎవరూ రాసి పెట్టలేదు. నేడు వాద్యాలను సాధారణంగా 440 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తారు. అది వాద్యకారులు, తయారీదారులు కలిసి వాయించుకోవడానికి 20వ శతాబ్దంలో కుదుర్చుకున్న ఒప్పందం. దానిలో దైవికమూ లేదు, దుష్టత్వమూ లేదు. 440కి బదులు 432 పెట్టుకుంటే స్వరం కాస్త కిందికి దిగుతుంది, అంతే. ఒక అంకెలో స్వస్థత ఉందని నమ్మడం తాయెత్తు కట్టుకోవడం లాంటిదే. దాని మీద బైబిలు వచనం రాసినంత మాత్రాన అది విశ్వాసం అయిపోదు. జబ్బు ఉంటే వైద్యుని దగ్గరకు వెళ్లండి, సంఘ పెద్దలను పిలిచి ప్రార్థన చేయించుకోండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బ్రతకాలనే ఆశ సన్నగిల్లినా దాన్ని ఫోనులోని సంగీతానికి అప్పగించి ఊరుకోవద్దు. ఈ రోజే ఎవరితోనైనా చెప్పండి.

అలాగే, సంగీతం వింటూ కలిగిన ప్రతి పులకింతను పరిశుద్ధాత్మ అనుకోవడం కూడా ప్రమాదమే. విశ్వాసం లేనివారికి కూడా అదే సంగీతం అదే పులకింత కలిగిస్తుంది. అది దేవుడు మన శరీరాన్ని చేసిన తీరు. దానికి కృతజ్ఞత చెల్లిద్దాం. ఆత్మ ఫలాన్ని మాత్రం మరుసటి రోజు మన మాటలో, ఓర్పులో, డబ్బు లెక్కలో వెదకాలి.

మంచం పక్కన

ఈ సంగీతానికి అతి మంచి ఉపయోగం ఎక్కడ అని అడిగితే, చనిపోతున్నవారి మంచం పక్కన అంటాను. అమెరికాలో థెరీస్ ష్రోడర్-షేకర్ అనే హార్ప్ కళాకారిణి ఈ సేవను ఒక క్రమమైన వృత్తిగా మలచింది. యౌవనంలో ఆమె వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తూ మరణాలను దగ్గరగా చూసింది. మరణిస్తున్న సహోదరుని చుట్టూ చేరి పాడిన మధ్యయుగపు క్లూనీ సన్యాసుల పద్ధతిని చదివింది. 1992లో మోంటానా రాష్ట్రంలోని మిసూలా పట్టణపు ఆసుపత్రిలో ఈ పని నేర్పే శిక్షణ మొదలుపెట్టింది. అక్కడ శిక్షణ పొందినవారు హార్ప్ తీసుకొని రోగి గదిలోకి వెళ్తారు. కచేరీ చేయరు. రోగి ఊపిరి ఎంత వేగంగా ఉందో, నుదుటి మీద ముడతలు ఎలా ఉన్నాయో చూస్తూ దాన్ని బట్టి వాయిస్తారు. ఊపిరి నెమ్మదిస్తే స్వరమూ నెమ్మదిస్తుంది. అవసరమైతే ఆగి ఊరకుంటారు.

ఫోనులోని వీడియోకు, దీనికి తేడా ఇక్కడే ఉంది. వీడియోకు రోగి ఊపిరి కనబడదు. మనిషి గదిలో ఉన్నా లేకపోయినా అది ఒకేలా మోగుతుంది. దావీదు సౌలు ఎదుట కూర్చొని వాయించాడు. రాజు ముఖం చూస్తూ వాయించాడు. ఆ ముఖంలో మార్పు చూశాడు గనుకనే ఈటె నుండి తప్పించుకోగలిగాడు. సేద తీర్చినది సితారా ఒక్కటే కాదు. తన దగ్గరకు వచ్చి కూర్చున్న మనిషిని సౌలు మొదట ఎంతో ప్రేమించాడని కూడా 16వ అధ్యాయం చెబుతోంది.

మన సంఘాలకు ఇందులో అలవాటైన సంగతీ ఉంది, నేర్చుకోవలసిన సంగతీ ఉంది. ఎవరైనా చివరి దశలో ఉంటే మనం గుంపుగా వెళ్తాం, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడతాం, ఒకరి తరువాత ఒకరు ప్రార్థిస్తాం. వెళ్లడం మనలోని గొప్ప సుగుణం. దాన్ని ఎన్నడూ పోగొట్టుకోవద్దు. కాని ఊపిరి అందని మనిషి చెవి దగ్గర పదిహేనుమంది గొంతెత్తి పాడటం ఆయనకు ఆదరణో భారమో ఒక్కసారి ఆయన ముఖం చూసి తెలుసుకోవాలి. ఇద్దరు వెళ్లి, చెయ్యి పట్టుకొని, ఒక చరణం మెల్లగా పాడి, ఐదు నిమిషాలు ఊరక కూర్చుంటే చాలు అనిపించే సమయాలు ఉంటాయి.

ఇంట్లో, సంఘంలో

కొన్ని ఆచరణాత్మకమైన మాటలు చెప్పి ముగిస్తాను.

నిద్ర కోసం ఈ సంగీతం వినేవారు వినండి. రాత్రంతా మోగనివ్వకుండా అరగంటలో ఆగిపోయేలా టైమర్ పెట్టుకోండి. ఆగిన తరువాత వచ్చే నిశ్శబ్దాన్ని దేవునికి అప్పగించి పడుకోండి. ప్రార్థన కోసం వినేవారు ముందు కొన్ని నిమిషాలు విని, తరువాత ఆపివేసి ప్రార్థించి చూడండి. సంగీతం లేకుండా ప్రార్థించలేని స్థితికి వచ్చామా అని అప్పుడు మనకే తెలుస్తుంది. వీడియో పేరులో స్వస్థత, శక్తి, చక్రాలు, అదృష్టం వంటి వాగ్దానాలు ఉంటే దాన్ని వదిలేయండి. వాయించినవారి పేరు ఉన్న సంగీతాన్ని ఎంచుకోండి. ఆ నాదం వెనుక ఒక మనిషి శ్రమ ఉంది, దానికి తగిన గౌరవం ఇవ్వడం మన ధర్మం.

సంఘ కాపరులకు, సంగీత బృందాలకు ఒక మనవి. మన ఆరాధనలో సౌండ్ బాక్సులు రోజురోజుకూ పెద్దవవుతున్నాయి. ప్రార్థన మధ్యలో కూడా కీబోర్డు ఆగదు. ఆగితే ఏదో లోటు అనిపిస్తుంది. మన యౌవనస్థులు ఇంటికి వెళ్లి తలుపు వేసుకొని మాటలు లేని హార్ప్ వింటున్నారంటే, ఆదివారం గుడిలో దొరకనిది వారు వెదుక్కుంటున్నారేమో ఆలోచించండి. ప్రభువు బల్ల సమయంలో రెండు నిమిషాలు అన్ని వాద్యాలూ ఆపి చూడండి. సంఘంలో వీణ, వయొలిన్, గిటారు మెల్లగా వాయించగల పిల్లలు ఉంటే, నెలకొకసారి వారిని రోగుల ఇళ్లకు వెంట తీసుకువెళ్లండి. రెండు కీర్తనల వరుసలు మాటలు లేకుండా వాయించడం వారికి వచ్చినా చాలు. వారికి ముందుగా ఒక్క సంగతి నేర్పండి: వాయిస్తున్నంతసేపు తీగల వైపు కాక, పడక మీది మనిషి ముఖం వైపు చూడాలని.

బేత్లెహేము కాపరి సితారా పట్టుకొని సౌలు గదిలో ప్రవేశించాడు. ఆ కాపరి సంతానంగా వచ్చిన ప్రభువు వాద్యం ఏదీ లేకుండానే తుపానుతో మాట్లాడి నిమ్మళపరచాడు. ఆయన ఇచ్చే సమాధానం మన గుండె వేగం తగ్గడంతో ఆగిపోదు. పడిపోయిన సంబంధాన్ని లేపుతుంది, దాచిన పాపాన్ని బయటికి తెచ్చి కడుగుతుంది, పొరుగువాని మంచం దగ్గరకు మనలను నడిపిస్తుంది. సితారా నాదం ఆ ప్రభువు మాట వినడానికి మనలను ఊరకుండేలా చేస్తే, దానికోసం దేవునికి స్తోత్రం చెల్లించి వినండి. ఆ తరువాత లేచి, చేయవలసిన పని చేయండి.